పక్కమంచం మనిషి

కళ్ళజోళ్ళ దుకాణం మేడమీద గదిలో, పెద్దాయన తన టేబుల్ మీద ఒక చిన్న గాజు సీసా పెట్టాడు. లోపల నీళ్ళలాంటి ద్రవం. లేబుల్ మీద ఒకే అంకె: ఏడు.

"ముట్టుకోకు," అన్నాడు.

మిరియం చెయ్యి వెనక్కి తీసుకుంది. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మనిషి చిన్నది, ఘాటు ఎక్కువ. ఆ పేరే స్థిరపడింది.

"యూనివర్సిటీ వాళ్ళు గుండెజబ్బుకి ఇంజెక్షన్ తయారుచేశారు. జంతువుల మీద పరీక్షలు అయిపోయాయి. ఎల్లుండి మనుషుల మీద తొలిదశ ట్రయల్. నదికి ఇవతలి క్యాంపస్‌లో పన్నెండు మంది, అవతలి క్యాంపస్‌లో పన్నెండు మంది. అందరూ ఆరోగ్యవంతులే. ఈ మందు నిలబడితే విదేశీ కంపెనీ ఒకటి దుకాణం కట్టెయ్యాలి. వాళ్ళు పెంచి పోషిస్తున్న ముఠా ఈ సీసాని మన నెమలి చేతికిచ్చి, ట్రయల్‌లోని ఏడో సీసా తీసేసి ఇది పెట్టమంది."

కిటికీ దగ్గర నిలబడి లిప్‌స్టిక్ సరిచేసుకుంటున్న నెమలి వెనక్కి తిరిగింది. ట్రయల్ కోఆర్డినేటర్‌గా యూనివర్సిటీ ఆమెను నమ్ముతుంది. తమ మనిషి అనుకుని ముఠా నమ్ముతుంది. పెద్దాయన మాత్రమే నమ్మడం మానేసి, ఆమె చెప్పినవన్నీ సరిచూసుకుంటాడు. అందువల్లే వాళ్ళిద్దరికీ పొరపొచ్చాలు లేవు.

"ఇది ఒంట్లోకి వెళితే గుండె లయ తప్పుతుంది. గంటలోపు విరుగుడు పడాలి. పడకపోతే ఆ రోజు కావచ్చు, ఆ నెల కావచ్చు, ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుంది," అంది నెమలి.

"సీసా దొరికిందిగా. ఇంకేం కావాలి?" అంది మిరియం.

"మనిషి కావాలి. సీసా పోతే ఇంకో సీసా వస్తుంది," అన్నాడు పెద్దాయన. "ముఠా మనిషి ఒకడు వాలంటీరు వేషంలో ఆ పన్నెండు మందిలో ఉంటాడు. చచ్చేవాడి పక్కనే ఉండి, తర్వాత టీవీ కెమెరాల ముందు ఏడుస్తాడు. 'కళ్ళారా చూశాను, ఈ మందే చంపింది' అంటాడు. అంతే, ఆ మందుకి ఇంకెవడూ చెయ్యి చాపడు. ముఖం మారుస్తాడు, పేరు మారుస్తాడు. నెమలి కూడా ఫోన్లో గొంతు వినడమే. వాడి కోడ్‌నేమ్..."

"పక్కమంచం," అంది మిరియం.

పెద్దాయన సీసాని తన వైపు జరుపుకున్నాడు.

రెండేళ్ళ క్రితం వేరే మందు, వేరే ట్రయల్. బస్సు నడిపే మిరియం అన్నయ్య అందులో చేరాడు. ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి నవ్వాడు. "భయమేసి వెళ్ళిపోతానన్నానే. పక్కమంచం ఆయన ఊరుకోలేదు. 'నేను లేనూ పక్కన, కానియ్ తమ్ముడూ' అన్నాడు. భలే మంచివాడు." మర్నాటి సాయంత్రం ఆ మంచివాడు టీవీలో తువ్వాలు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అప్పటికి అన్నయ్య మార్చురీలో ఉన్నాడు.

"ఈ పని నీకు ఇవ్వకూడదు," అన్నాడు పెద్దాయన.

"మరెందుకిస్తున్నారు సార్?"

"ఇవ్వకపోయినా చేస్తావు కాబట్టి. వాడు ప్రాణాలతో కావాలి, అర్థమైందా? పళ్ళెంలో పన్నెండు సీసాల్లోనూ ఉప్పునీళ్ళే ఉంటాయి. అసలు డోసులు ఇంకో రోజు. పన్నెండింటికీ ఏడో నంబరు లేబులే అంటిస్తాం."

మిరియం మొదటిసారి నవ్వింది. "మరి ఈ అసలు ఏడు?"

"సాక్ష్యం. నెమలి ఫ్రిజ్‌లో ఉంటుంది."

నెమలి తాళంచెవిని తన ఆకుపచ్చ హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. మిరియం చూపు ఆ బ్యాగ్ జిప్ మూసుకునేదాకా దాన్ని వదల్లేదు.

* * *

ట్రయల్ రోజు ఉదయం వాలంటీర్లు పన్నెండు మందీ ఆస్పత్రి బట్టల్లో, రబ్బరు చెప్పుల్లో వరసగా కూర్చున్నారు. నర్సు వేషంలో మిరియం. ముక్కు మీద మందపాటి కళ్ళజోడు, దాని ఫ్రేములో కెమెరా, చెవిలో కందిగింజంత ఇయర్‌పీస్.

"మీలో సగం మందికి మందు, సగం మందికి ఉప్పునీళ్ళు," అని వివరించింది.

కుట్టుమిషన్ల షాపు నడిపే పెద్దమ్మ చెయ్యెత్తింది. "ఉప్పునీళ్ళకి సూది దేనికమ్మా? గ్లాసులో పోసిస్తే తాగేదాన్నిగా!"

అందరూ నవ్వారు.

"మందు తీసుకున్నామన్న నమ్మకంతోనే కొందరికి నయమైనట్టు అనిపిస్తుంది పెద్దమ్మా. విషం తీసుకున్నామన్న భయంతోనే కొందరికి కళ్ళు తిరుగుతాయి. నమ్మకం చేసిన పనేదో, మందు చేసిన పనేదో విడదీయాలంటే ఉప్పునీళ్ళు ఉండాల్సిందే."

"ఎవరికి ఏది పడిందో నీకు తెలుసా?" అన్నాడు బ్యాంకు సెక్యూరిటీ గార్డు. మనిషి భారీగా ఉన్నాడు కానీ సూదుల ట్రే చూసినప్పటినుంచి గుటకలు మింగుతున్నాడు.

"తెలియకూడదండీ. తెలిస్తే నా ముఖంలో మీరు కనిపెట్టేస్తారు. దాన్నే డబుల్ బ్లైండ్ అంటారు. వేయించుకునేవాళ్ళకీ తెలియదు, వేసేవాళ్ళకీ తెలియదు."

"మరి మాకు ఎప్పుడు చెప్తారు?"

"ట్రయల్ ముగిశాక. ఇంకొక్క మాట. ఎవరికైనా వద్దనిపిస్తే ఏ క్షణంలోనైనా లేచి వెళ్ళిపోవచ్చు. కారణం చెప్పక్కర్లేదు. అది మీ హక్కు." ఆ మాట దగ్గర ఆమె ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది.

పన్నెండు ముఖాలూ అమాయకంగానే ఉన్నాయి. ఆమె కోపానికి మాత్రం పన్నెండు మందీ హంతకుల్లాగే కనిపించారు. కోపం సాక్ష్యానికి పనికిరాదు. ప్రయోగం అవసరమైంది అందుకే.

మంచానికీ మంచానికీ మధ్య తెరలు దించారు. ప్రతి వాలంటీరు వేలికీ ఒక క్లిప్పు తగిలించారు. నాడి కొట్టుకునే చప్పుడు నేరుగా మిరియం చెవిలో వినబడుతుంది.

మొదటి మంచం. సీసా లేబుల్ చూపించి, పక్క మంచానికి వినబడకుండా అంది: "మీది ఏడో సీసా పెద్దమ్మా."

"ఏడైతేనేం, ఏడవనులే. పొడువు."

నాడి నింపాదిగా ఉంది. గార్డు నాడి మాత్రం గుర్రంలా పరిగెడుతోంది. మిరియం తొందరపడలేదు. అతని నాడి అంకె వినకముందు ఎలా ఉందో విన్నాక కూడా అలాగే ఉంది. అతని భయం సూదంటే, ఏడంటే కాదు. ఒక్కొక్క మంచమే దాటుతూ వెళ్ళింది.

తొమ్మిదో మంచం దగ్గర ఇంకా తెర తీయకముందే లోపలినుంచి ఒక మెత్తటి గొంతు, అవతలి మంచం వాడికి ధైర్యం చెబుతూ వినిపించింది.

"నేను లేనూ పక్కన, కానియ్ తమ్ముడూ."

మిరియం వేళ్ళు కోటు జేబులోకి వెళ్ళాయి. జేబులో చల్లటి సీసా ఉంది. పొద్దున నెమలి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తాళంచెవి తీసి, ఫ్రిజ్‌లోంచి తెచ్చుకున్నది.

ఒక్క మాటతో మనిషిని చంపకూడదు. ఆ మాట లోకంలో ఎవరైనా అనగలరు. రుజువు కావాలి. ఆమె తెర తీసింది. నెరిసిన గడ్డం, సాధువైన కళ్ళు, పద్ధతిగా చాపిన చెయ్యి. జేబులోని సీసా నుంచే సిరంజి నింపి, లేబుల్ అతనికి చూపించింది.

"మీది ఏడో సీసా అండీ."

చెవిలో నాడి ఒక్కసారి ఎగిరిపడింది.

"ఏడా? నాది తొమ్మిది కదా... కోఆర్డినేటర్‌గారు..." అతను చెయ్యి లాక్కోబోయాడు. "నేను విరమించు..."

ఆ మాట పూర్తికాలేదు. సూది దిగిపోయింది.

"మా అన్నయ్య కూడా వెళ్ళిపోతాననే అన్నాడండీ," అంది మిరియం మర్యాదగా. "మీరే వద్దన్నారు. గుర్తుందా? బస్సు డ్రైవరు."

అతని ముఖంలో రక్తం లేదు. నుదుటి నిండా చెమట. ఛాతీ పట్టుకుని, "విరుగుడు! విరుగుడివ్వండి!" అని అరిచాడు.

"దేనికి విరుగుడు? ఇది గుండెకి మంచి మందు కదా!"

"ఆటలాడకు! గేటు దగ్గర టీవీ వ్యాన్. డ్రైవరు సీటు కింద ఉంది. వాళ్ళు టీవీవాళ్ళు కాదు, మావాళ్ళే. తెప్పించు తల్లీ!"

కళ్ళజోడు అంతా చూస్తోంది, వింటోంది. బయట పెద్దాయన మనుషులు వ్యాన్ వైపు పరిగెత్తారు.

"తెప్పిస్తున్నా. ఈలోపు ఇంకేమైనా ఉంటే చెప్పండి. నాకు తొందర లేదు, మీకే."

"అవతలి క్యాంపస్..." అతని దవడ వణికింది. "అక్కడ కూడా పెట్టాం. మూడో సీసా. వేరే మనిషి పెట్టాడు. ఇప్పుడే వేస్తూ ఉంటారు."

ఇది పెద్దాయనకు కూడా తెలియని సంగతి. తెర అవతల నెమలి అప్పటికే ఫోన్లో కేకలేస్తోంది. నదికి అవతల ఒక కాలేజీ కుర్రవాడి చేతికి స్పిరిట్ రాశారు. సూది మొన చర్మాన్ని తాకింది. అప్పుడు మోగింది గోడమీది ఫోను. నర్సు విసుక్కుంటూ చెయ్యి ఆపింది. ఆ విసుగులో ఒక ప్రాణం నిలబడింది.

వ్యాన్‌లో దొరికిన విరుగుడు ఆంపూల్‌ని ఎవరో తెచ్చి మిరియం చేతిలో పెట్టారు. పక్కమంచం రెండు చేతులూ చాచాడు. ఆమె దాన్ని అతనికి బాగా కనబడేలా ఎత్తి పట్టుకుంది. తర్వాత వేళ్ళు వదిలేసింది. గాజు పగిలింది. చెప్పుతో తొక్కి నేలకి రాసింది.

"అయ్యో, చెయ్యి జారింది."

* * *

వరండాలో ఆమె రెండు చేతులూ కలిపి పెద్దాయన ముందు చాచింది.

"బేడీలు వెయ్యండి సార్. నేను వేసింది పళ్ళెంలోది కాదు, ఫ్రిజ్‌లోది. ప్రాణాలతో కావాలన్నారు, ఇవ్వలేకపోయాను. పశ్చాత్తాపం కూడా లేదు."

పెద్దాయన తన కోటు లోపలి జేబులోంచి, సీలు వేసిన లోహపు గొట్టం తీసి చూపించాడు. అందులో ఒక చిన్న గాజు సీసా.

"అసలు ఏడు మొన్నటినుంచి నా దగ్గరే ఉంది. ఫ్రిజ్‌లో ఉన్నది కూడా ఉప్పునీళ్ళే."

"హ్యాండ్‌బ్యాగ్ జిప్ సగమే వేసి, బల్లమీద వదిలేసి వెళ్ళడం నాకు ఎంత కష్టమైందో తెలుసా?" అంది నెమలి.

మిరియం చాచిన చేతులు దించింది. "అంటే ప్రయోగం వాడి మీదా, నా మీదా?"

"పొద్దున నువ్వే చెప్పావుగా," అన్నాడు పెద్దాయన. "వేయించుకునేవాడికే కాదు, వేసే మనిషికీ తెలియకూడదు. నీ చేతిని నమ్మానమ్మాయ్. నీ కోపాన్ని నమ్మలేదు."

తెర వెనక మంచానికి బేడీలతో బిగించిన మనిషి, ఉప్పునీళ్ళు పడిన ఒంటితో, గుండె పట్టుకుని మూలుగుతున్నాడు. చెమటకి దుప్పటి తడిసిపోయింది. మిరియం లోపలికి తొంగిచూసేసరికి తల ఎత్తాడు.

"నర్సమ్మా! ఆ సీసాలో నిజంగా ఏముందో చెప్పు తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటా. ఎప్పుడు చెప్తారు నాకు?"

మిరియం పెద్దాయన వైపు చూసింది. పెద్దాయన పైకప్పులో పగుళ్ళు పరిశీలిస్తున్నాడు.

"పొద్దున చెప్పాను కదండీ," అంది మిరియం, తెర మెల్లగా లాగుతూ. "ట్రయల్ ముగిశాక."

నెమలి లిప్‌స్టిక్ మూత బిగించింది. "పాపం, మన కోర్టుల్లో అది మొదలవ్వడానికే రెండేళ్ళు పడుతుంది."