ప్లాస్టిక్ మూతి

పొద్దున్నే కదిరమ్మ పంచలో కూర్చుని విత్తనానికి శెనిక్కాయలు వలుస్తోంది. టీలో చక్కెర తక్కువైందని ఆమె మొగుడు ఆదెప్ప గ్లాసు నేలకేసి కొట్టాడు. అక్కడితో ఆగితే అతను ఆదెప్ప ఎందుకవుతాడు? జేబులోంచి తన బాకా ఇత్తడి మూతి తీసి ఆమె తల మీదికి విసిరాడు.

ఆదెప్ప బత్తలపల్లె బ్యాండుసెట్టులో పెద్ద బాకా ఊదుతాడు. బాకా బ్యాండు మేస్త్రీదే అయినా, ఊదే మూతి మాత్రం ఎవరిది వాళ్ళదే. ఒకరి ఎంగిలి ఇంకొకరు నోట పెట్టుకోరు కదా. అందుకే చిన్న చెంబంత బరువున్న ఆ ఇత్తడి ముక్క ఎప్పుడూ అతని జేబులోనే ఉంటుంది. కోపం వచ్చినప్పుడు చేతికి మొదట దొరికేది కూడా అదే. కదిరమ్మ కనుబొమ్మ మీది మచ్చ దాని చలవే. కొళాయి కాడ జారి పడిందని ఆదెప్ప ఊరంతా చెప్పాడు. చెప్పీ చెప్పీ తనే నమ్మేశాడు.

ఈసారి ఆమె తల తిప్పింది. మూతి పోయి రోటికి తగిలి అంచు వంగిపోయింది.

"నువ్వు తల తిప్పబట్టే గదే ఇది పాడైంది!" అని అరిచాడు ఆదెప్ప. "రేపు ముదిగుబ్బలో రెడ్ల పెండ్లి. నీ వల్ల పోయినాది, నువ్వే పోయి కొత్తది తీసకరా!"

కదిరమ్మ కూతురు రెబెకాను వెంటబెట్టుకుని అనంతపురం బస్సెక్కింది. వానలు మొహం చాటేసి రెండేళ్ళు. కిటికీలోంచి ఎండిన చేలు తప్ప ఏమీ కనబడలేదు.

వాయిద్యాల అంగట్లో సాయబు పాత మూతి పక్కన కొత్తవి పెట్టి వెడల్పు సరిచూశాడు. ఒకటి ఇత్తడిది, ఒకటి నల్లటి ప్లాస్టిక్‌ది.

"ఇత్తడి ఎండకు కాగి పెదాలు బొబ్బలెక్కుతాయక్కా. ఈ ప్లాస్టిక్‌ది కాలదు, తేలిక. శబ్దం రవ్వంత మెత్తగా వస్తాది, అంతే."

కదిరమ్మ ఇత్తడిదాన్ని పిడికిట్లో పట్టి తన మోకాలి చిప్ప మీద కొట్టుకుంది. ప్రాణం జివ్వుమంది. ప్లాస్టిక్‌దానితో కొట్టుకుంది. నొప్పి ఉంది, కానీ ఓర్చుకోవచ్చు. సాయబు నోరు తెరుచుకుని చూశాడు.

"ఇదే ఇయ్యి."

"అమ్మా, నువ్వు కొంటాండేది దేనికి?" రెబెకా తల్లి మోకాలి వైపు చూసింది.

"మీ నాయన ఊదేదానికి. నేను దెబ్బలు తినేదానికి."

సాయంత్రం ఆదెప్ప పొట్లం విప్పాడు. ముఖం నల్లబడింది.

"ప్లాస్టిక్కా? తిరునాళ్ళలో పిల్లోళ్ళు ఊదే పీపీ తెచ్చినావే? పెండ్లిలో నన్ను నవ్వులపాలు చేస్తావా?"

జుట్టు పట్టి గోడకేసి గుద్దాడు. ఆ మూతితోనే నెత్తి మీద, చెంప మీద కొట్టాడు. అడ్డొచ్చిన రెబెకాను ఒక్క తోపు తోశాడు. గడప తగిలి ఆమె పెదవి చిట్లింది. లేచి మూలనున్న రోకలి అందుకుంది.

"ఇంకొక్క దెబ్బ ఏస్తే నీ తల పగలగొడ్తా నాయనా!"

"నువ్వు ఆగు పాపా," అంది కదిరమ్మ. మొగుడి ఎదుటికొచ్చి నిలబడింది. "కొట్టు. ఈ పొద్దు తల తిప్పను. బాగా చూడు, రక్తం రాలా. దీన్ని ఎందుకు ఏరి తెచ్చినాననుకున్నావు? నీ మూతి కాలకుండానా? నా తల పగలకుండా! అంగట్లో నా మోకాలి మీద కొట్టుకోని చూసి తెచ్చినా."

లేచిన చెయ్యి లేచినట్టే ఆగిపోయింది. మొగుడి దెబ్బలు తప్పవని తెలిసి, అవి కాస్త తక్కువ నొప్పిగా ఉండేలా బేరం చూసుకునే ఆడదాన్ని అతను ఎప్పుడూ ఊహించుకోలేదు. ఆ ఆడది తన ఇంట్లోనే ఉంది. కనుబొమ్మ మీది మచ్చ వైపు చూశాడు. ఊరికి చెప్పిన కొళాయి కథ గుర్తుకు రాలేదు. కూతురి గడ్డం మీద కారుతున్న రక్తం చూశాడు.

"యాడ తగిలిందే?" అన్నాడు చివరికి. ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

"ఏ దెబ్బ అడుగుతాండావు?" అంది కదిరమ్మ.

ఆదెప్ప మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. కదిరమ్మకు జాలి వేయలేదు. కానీ ఏనాడో ఇంకిపోయాయనుకున్న కన్నీళ్ళు ఆమెకూ వచ్చాయి.

కాసేపటికి అతను ప్లాస్టిక్ మూతిని రెండు చేతులా ఆమె ముందు పెట్టాడు.

"ఇంట్లో ఉన్నంతసేపు ఇది నీ కాడనే ఉండనీ. ఊదే పని ఉన్నప్పుడు ఇయ్యి."

ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది. "ఇది ఇచ్చినావు, సరే. ఆ చేతులు యాడ పెడతావు?"

అతను తన రెండు చేతుల్నీ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

కదిరమ్మ శెనిక్కాయల చాట అతని ముందుకు జరిపింది. ఆదెప్ప తల ఎత్తకుండా ఒక కాయ తీసి నొక్కాడు. అలవాటు లేని వేళ్ళకు అది వెంటనే పగల్లేదు. ఇంకోసారి నొక్కాడు.

రెబెకా గడప మీద కూర్చుని చూస్తూనే ఉంది. రోకలి మాత్రం కింద పెట్టలేదు.