అందరికీ మంచి చెప్పే చిలక

లెక్కల మాస్టారు ఆస్పత్రి లిఫ్టులో చచ్చిపడి ఉన్నాడు. మెడ మీద దోమ కుట్టినంత మచ్చ. ఫోటోలో అంతకంటే ఏమీ లేదు.

"గుండెపోటని రాశారు," అన్నాడు చీఫ్, ఆ ఫోటోని బల్ల మీదికి తోస్తూ. "రాసిన డాక్టరు రాత్రికి రాత్రే దేశం దాటాడు."

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గది అది. అక్కడికి రావాలంటే ముందు గదిలో అద్దాలు తుడుస్తూ కూర్చున్న ముసలాయనతో "దగ్గరవి బానే కనిపిస్తున్నాయి, దూరానివే కనిపించడం లేదు" అనాలి. ఉడుము ఆ ముక్క చెప్పే లోపలికి వచ్చాడు. పట్టుకుంటే వదలడని గూఢచారి డిపార్టుమెంటు అతనికి పెట్టిన పేరు అది. అసలు పేరు జీతాల గుమాస్తాకి కూడా తెలీదు.

"చిలక గురించి విన్నావా?"

ఉడుము వినకేం! ఆర్నెల్లుగా ఇంట్లో వేరే మాట లేదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరినవాళ్ళకి ఇప్పుడు టార్గెటెడ్ మందులున్నాయి. ఏ జీన్ చెడిందో చూసి సరిగ్గా దాని మీదే దెబ్బ కొట్టే మాత్రలు. చిక్కేమిటంటే, అదే మాత్ర ఒకరికి ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, మరొకరికి నాలుగు నెలల్లో చేతులెత్తేస్తుంది. ఎవరి సంగతి ఏమవుతుందో ముందే చెప్పే సాఫ్ట్‌వేరుకి ఆస్పత్రి జనం పెట్టుకున్న ముద్దుపేరు చిలక. రక్తం రిపోర్టు, స్కానులు, వయసు, పొగ అలవాటు, తగ్గిన బరువు అన్నీ మింగి ఓ నంబరు చెబుతుంది. ఏడాదిపాటు జబ్బు అదుపులో ఉండే అవకాశం నూటికి ఇంత అని. నంబరు బాగుంటే మాత్ర ఒక్కటే ఇస్తారు. లేకపోతే మొదటినుంచే కీమో కూడా కలుపుతారు. దాన్ని తయారుచేసింది ఈ మాస్టారే.

"ఇవాళ పన్నెండింటికి కొత్త చిలక దేశంలోని ప్రతి క్యాన్సర్ ఆస్పత్రికీ వెళ్తుంది," అన్నాడు చీఫ్. "ఆ మాత్ర అమ్మే విదేశీ ముఠా దాని బదులు దొంగ చిలకని పంపాలని చూస్తోంది. అది అందరికీ బాగుంటుందనే చెబుతుంది. డాక్టర్లు నమ్మి కీమో మానేస్తారు. మాత్ర విపరీతంగా అమ్ముడవుతుంది. మాత్ర ఒక్కటే చాలనివాళ్ళు మాత్రం..."

"పోతారు."

"పోతారు. ఎవరికీ అనుమానం కూడా రాదు, ఎలాగూ జబ్బు మనుషులే కదా అనుకుంటారు. మాస్టారు చచ్చేముందు నాకు ఫోన్ చేశాడు. ఫైళ్ళు రెండున్నాయి, అందరికీ మంచి చెప్పేదే దొంగది, అన్నాడు. లైను కట్టయింది."

చీఫ్ సొరుగులోంచి వేలికి తగిలించుకునే ఆక్సిజన్ చూసే క్లిప్పు ఒకటి తీశాడు. "ఇందులో మాస్టారి వేలిముద్ర ఉంది. సర్వర్ గది తలుపు తీస్తుంది. లోపల నెమలి సాయం చేస్తుంది."

"నెమలి మనమనిషేనా?"

"జీతం మన దగ్గర తీసుకుంటోంది. బోనస్ ఎక్కడ తీసుకుంటోందో నువ్వే కనుక్కో."

"వేషం?"

చీఫ్ అతని మొహంలోకి చూడలేదు. "పేషెంటు తాలూకు మనిషి. మీ అక్క అక్కడే ఉంది కదా."

ఉడుము క్లిప్పు జేబులో వేసుకున్నాడు. అక్క సంగతి డిపార్టుమెంటుకి తెలియకూడదని నానా పాట్లూ పడ్డాడు. పైలట్‌గా, పాదిరీగా, ప్లంబరుగా సరిహద్దులు దాటినవాడు, మొదటిసారి తనలాగే తను వెళ్ళాలి. ఆ వేషం వేయడం అతనికి చేతకావడం లేదు.

వెయిటింగ్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అక్క పక్కావిడకి ధైర్యం చెబుతోంది. రెండు మాటలకో దగ్గు.

"భయపడకండి వదినగారూ. నాకు చిలక డెబ్భై ఎనిమిది చెప్పింది. ఒట్టి మాత్రతోనే లాగించేస్తున్నా. వీడు మా తమ్ముడు, పంపుసెట్ల కంపెనీలో పెద్ద ఉద్యోగం."

పెద్ద ఉద్యోగస్తుడు తల వంచుకుని నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. అక్క జాకెట్టు భుజాల దగ్గర ఎంత వదులైపోయిందో! ఎవర్ని పట్టుకోవాలి, ఎవరి చొక్కా పుచ్చుకుని ఆపాలి? ఇక్కడ శత్రువుకి మొహం లేదు.

"కంపెనీ నుంచి ఫోన్, అక్కా. ఇప్పుడే వస్తా."

"వెళ్ళిరా నాయనా. నేను వదిలినా పంపులు నిన్ను వదలవు."

లిఫ్టు దగ్గర ముదురెరుపు కోటు, నల్ల కళ్ళజోడు, ఆస్పత్రి ఫినాయిల్ వాసనని కూడా ఓడించే సెంటు. నెమలి. మందుల కంపెనీ ప్రతినిధినని మెడలో బిళ్ళ.

"ఈ లిఫ్టు పైకా, కిందకా?" అన్నాడు ఉడుము.

"ఎక్కినవాళ్ళ అదృష్టం," అంది నెమలి. కోడ్ సరిపోయింది. "త్వరగా రా. ఎరుపు చీటీ ఉన్న డ్రైవ్ అసలుది. నీలం చీటీ దొంగది. ఎరుపుదే ఎక్కించు, పనైపోతుంది."

క్లిప్పు తగిలిస్తే సర్వర్ గది తలుపు తెరుచుకుంది. లోపల ఎముకలు కొరికే చలి. బల్ల మీద రెండు డ్రైవ్‌లు. పక్కనే మాస్టారి చలికోటు కుర్చీకి వేలాడుతోంది, జేబులో సగం తిన్న బిస్కెట్ పొట్లంతో సహా.

"పరీక్షించి చూస్తా," అన్నాడు ఉడుము.

"టైము లేదు."

"ఉన్నంత చాలు."

పరీక్షించడానికి ఓ పేషెంటు కావాలి. అతనికి నోటికొచ్చిన పేషెంటు నంబరు ఒక్కటే. కొట్టాడు. అక్క స్కానులు, రక్తం రిపోర్టు స్క్రీన్ మీదికి వచ్చాయి. నీలం చిలక డెబ్భై ఎనిమిది అంది. ఎరుపు చిలక ఎనభై ఎనిమిది అంది. రెండూ మంచే చెప్పాయి! ఏది దొంగ?

"ఎరుపుదేనని చెప్పానా?" అంది నెమలి.

ఉడుము స్క్రీన్ కింది వరసలు చదివాడు. వయసు యాభై. పొగ అలవాటు లేదు. బరువు తగ్గలేదు.

అవన్నీ తను చెప్పినవే. ఆర్నెల్ల కింద రిజిస్ట్రేషన్ కౌంటర్లో అమ్మాయి అడుగుతుంటే, కన్నార్పకుండా, తడుముకోకుండా చెప్పాడు. ఏజెంటు మనిషి తన రక్తసంబంధీకుల నిజం వివరాలు ఎక్కడా ఇవ్వకూడదు. ఇస్తే శత్రువులు వెతుక్కుంటూ వస్తారు. ట్రైనింగులో మొదటి పాఠమే అది. ఊరు మార్చాడు, పుట్టిన తేదీ మార్చాడు. అదే ఊపులో మిగతావీ మార్చేశాడు. అది చిలకకి మేత అని అప్పుడు అతనికి తట్టలేదు. అలవాటు! పాడు అలవాటు!

అక్కకి అరవై ఒకటి. రంగుల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు చేస్తూ, బాయిలర్ దగ్గర నిద్ర ఆపుకోవడానికి ఇరవై ఏళ్ళు సిగరెట్లు కాల్చింది. జబ్బు తెలిసేనాటికే సగానికి సగం చిక్కిపోయింది.

ఒక్కొక్కటే నిజం కొట్టాడు.

ఎరుపు చిలక: ఎనభై ఎనిమిది. అంగుళం కదల్లేదు.

నీలం చిలక: ముప్ఫై ఒకటి.

అందరికీ మంచి చెప్పేదే దొంగది. దొంగ దొరికింది. ఉడుముకి మాత్రం ఆ దొంగ కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

"ఆలస్యం చేశావు," అంది నెమలి మెల్లగా. అతను పరీక్షిస్తుండగానే ఆమె గోడవైపు కంప్యూటర్లో ఎరుపు ఫైల్ కాపీని ఎక్కించడం మొదలుపెట్టేసింది. ఎంత ఎక్కిందో చూపే గీత సాగుతోంది, నూటికి తొంభై దాటింది. ఆమె సంచిలోంచి పిస్తోలు తీసి బల్ల మీద పెట్టింది. "దీంతో పని పడదనుకుంటా. అలా చూస్తూ నిలబడు చాలు. మీ అక్కని హాల్లో చూశాను. రేపు డాక్టరు స్క్రీన్ మీద ఆవిడకి ఎనభై ఎనిమిది ఉంటుంది. ఆవిడ నవ్వుతూ ఉంటుంది. నీకు కావలసింది అదే కదా?"

తొంభై నాలుగు. అదే కదా కావలసింది! ఏ సరిహద్దులోనూ ఎవరూ అతని బలహీనత ఇంత సూటిగా పట్టుకోలేదు.

తొంభై ఏడు. పక్కావిడకి ధైర్యం చెబుతున్న అక్క గొంతు గుర్తొచ్చింది. ఆ పక్కావిడకి కూడా ఎరుపు చిలక ఎనభై ఎనిమిదే చెబుతుంది. హాలు హాలంతటికీ అదే చెబుతుంది.

తొంభై తొమ్మిది. ఉడుము కేబుల్ పట్టుకుని పెరికేశాడు.

గీత ఆగిపోయింది. నెమలి చెయ్యి పిస్తోలు మీదికి పోయేలోపు ఆ మణికట్టు అతని గుప్పిట్లో ఉంది. ఉడుంపట్టు. ఆమె గింజుకుంది, కరిచింది, చివరికి నవ్వింది.

"పిచ్చివాడా! నిజం పంపిస్తే మీ అక్క బతుకుతుందా?"

ఉడుము రెండో చేత్తో నీలం డ్రైవ్ ఎక్కించాడు. పన్నెండు కొట్టింది. దేశమంతా చిలకలు నిజం చెప్పడం మొదలుపెట్టాయి. నెమలిని చీఫ్ మనుషులు వెనక మెట్ల మీదుగా తీసుకుపోయారు. చీఫ్ ఫోన్ చేసి శభాష్ అన్నాడు. ఉడుము సరిగా వినలేదు.

డాక్టరమ్మ గదిలో నిలబడి నిజం ఒప్పుకున్నాడు. ఆవిడ కొత్త నంబరు చూసింది, తర్వాత అతన్ని చూసింది.

"ఎందుకు చెప్పారండీ అబద్ధం?"

దేశం కోసం అనలేడు.

"మొదట్లోనే తెలిస్తే కీమో కలిపేవాళ్ళం. అప్పుడు ఒంట్లో కాస్త ఓపిక ఉండేది," అంది ఆవిడ. "ఇప్పుడైనా కలుపుదాం. తట్టుకుంటుందో లేదో... చూద్దాం."

చూద్దాం. అంత పెద్ద ఆస్పత్రిలో అతని చేతికి దొరికింది ఆ ఒక్క మాటే.

హాల్లో అక్క పక్కన కూలబడి అంతా చెప్పాడు. పంపుల ఉద్యోగం అబద్ధమన్న సంగతి తప్ప. కొత్త నంబరు కూడా చెప్పాడు. అక్క అతని చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతిని ఆమె గట్టిగా పట్టుకోలేకపోతోంది.

"కౌంటర్లో యాభై అన్నప్పుడు నీ పక్కనే ఉన్నాను కదరా. విన్నాను. అయినా నోరు మెదపలేదు."

"ఎందుకే అక్కా? ఎందుకు ఊరుకున్నావు?"

"పదకొండేళ్ళు ఊరికే ఇచ్చావు గదాని మురిసిపోయాను." అక్క దగ్గింది, తెరిపిన పడ్డాక అతనివైపు తిరిగి నవ్వబోయింది. "ఇప్పుడు అవి తిరిగి ఇచ్చెయ్యాలిట్రా, చిన్నోడా?"