బండిలో పెళ్లి వీడియో

డయాలసిస్ ఉన్న రోజున ఆ ఇంట్లో పొయ్యి తెల్లారకముందే వెలుగుతుంది. హిమజ కూరముక్కలు ఉడకబెట్టి, అందులోని పొటాషియం పోవాలని ఆ నీళ్లు వంపేసి, మళ్లీ మంచినీళ్లు పోసి ఉడకబెడుతుంది. మామగారు గున్నయ్యకు ఉప్పు తగ్గాలి, పులుపు తగ్గాలి, తాగే నీళ్లు మరీ తగ్గాలి. పెరటి నిండా కాపుకొచ్చిన కొబ్బరిచెట్లున్నా ఆయన ఒక్క బొండాం తాగడానికి లేదు. కిడ్నీల జబ్బు ముసిరిన ఉద్దానంలో ఇలాంటి ఇళ్లు ఊరూరా ఉన్నాయి కనుక దీన్నెవరూ వింతగా చెప్పుకోరు.

ఆ ఉదయం కూడా అలాగే మొదలైంది. గిన్నె పొయ్యి మీద పెట్టి, తడిగుడ్డ పట్టుకుని వ్యాను తుడవడానికి బయటికొచ్చింది హిమజ. వ్యాను ఆమె భర్త ధనుంజయ్‌ది. కంచిలి పక్కనున్న తమ ఊరి నుంచి తండ్రినీ, ఊళ్లోని మరికొందరు కిడ్నీ రోగులనూ పలాస ఆస్పత్రికి తీసుకెళ్లి తీసుకురావడమే అతని పని. యాక్సిడెంటయ్యాక కొన్నాళ్లు పోలీసు స్టేషన్లో ఉండి, ఆ వ్యాను నిన్ననే ఇల్లు చేరింది. అన్నాళ్లూ రోగులు అప్పులు చేసి ఆటోల్లో వెళ్లొచ్చారు. ముందద్దం కొత్తది వేయించారు. స్టీరింగు పక్కన టీవీ ఉండాల్సిన చోట మాత్రం ఒక అట్టముక్క, దాని చుట్టూ టేపు.

"బావా, టీవీ ఏదీ?" అంది హిమజ. మేనత్త కొడుకు కావడంతో పెళ్లయినా ఆ పిలుపు మారలేదు.

ధనుంజయ్ టైరు దగ్గర వంగి ఉన్నాడు. తలెత్తలేదు. "వైర్లు కాలిపోనాయి. షాపులో ఇచ్చీసేను."

"నిన్న రాత్రి నాతో ఆ మాటే అననేదు."

"ప్రతీదీ నీకు సెప్పాలేటి? టైమైపోతంది. నాన్నని లేపు."

ఇంత విసురుగా అతనెప్పుడూ మాట్లాడడు. యాక్సిడెంటు బెంగేమో అనుకుని హిమజ ఊరుకుంది. ఆ టీవీ బిగించిన రోజు పలాసలో ఆమె కూడా పక్కనే ఉంది. బిగించే మేస్త్రీ ఒక సన్నటి వైరు చూపించి వివరంగా చెప్పాడు. దాన్ని హ్యాండు బ్రేకుకి కలపాలనీ, అప్పుడు బండి ఆగి ఉన్నప్పుడే బొమ్మ వస్తుందనీ, నడుస్తున్న బండిలో డ్రైవరుకి కనపడేలా వీడియో ఆడకూడదన్నది రూలనీ అన్నాడు.

గున్నయ్యకు ఆ మాట నచ్చలేదు. "బండాగితే నాను దిగిపోతాను గదా బాబూ, ఇంకెప్పుడు సూడాల? ఆ వైరు తీసీ" అన్నాడు. మేస్త్రీ నసిగితే ఆయన పాతకథ ఎత్తుకున్నాడు. "మా అయ్య రేడియోకి ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టీవోడు. సేత్తో ఒట్టుకు తిరిగే రేడియోకీ కట్టమన్నారు, టీవీకీ కట్టమన్నారు. ఏటైంది? అన్నీ ఎత్తీసేరు. ఇదీ అంతే. గవర్నమెంటోళ్లు నాలుగు రాళ్లకి ఎట్టిన రూలు."

సూదుల పోట్లతో చెయ్యంతా గుల్లయిన మనిషి, దారిలో ఏదో చూసుకుంటానంటే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? మేస్త్రీ వైరు కలపకుండా వదిలేశాడు. ఏ పాత సినిమాయో చూసుకుంటాడులే అని హిమజ కూడా అనుకుంది. వెనక్కొచ్చేటప్పుడు ఆయన మొహం కాస్త తేటగా ఉండటం చూసి ఆ టీవీకి మనసులో దండం కూడా పెట్టుకుంది.

వ్యాను వెళ్లిపోయాక, రాగిజావ గిన్నెలో పోసుకుని బేబి ఇంటికి బయలుదేరింది. బేబి వాళ్లకు వరసైన మనిషే. ఆమె భర్త గణేష్ ధనుంజయ్‌కి పెదనాన్న కొడుకు వరసలో అన్న అవుతాడు. మధ్యాహ్నం షిఫ్టుకి జీడి ఫ్యాక్టరీకి పోతూ రోడ్డు అంచున నడుస్తున్న బేబినే వ్యాను గుద్దింది. తొడలో రాడ్డు వేసి, శ్రీకాకుళం ఆస్పత్రి నుంచి మొన్ననే పంపించారు. ఇక ఫ్యాక్టరీలో నిలబడి చేసే పని ఆమెకు లేనట్టే.

అరుగు మీద గణేష్ తువ్వాలు దులుపుకుంటున్నాడు. హిమజను చూసి, లోపలికి వినపడేలా అన్నాడు. "ఎట్టమ్మా, ఎట్టు. ఫోను సూసుకుంటా రోడ్డు మీద నడిసిన మహారాణికి జావ తాగించు. దీని మూలంగా మీ ఆయన కూడా స్టేషను సుట్టూ తిరిగేడు." అని విసవిసా తోటలోకి పోయాడు.

ఫోను మాట స్టేషన్లో చెప్పింది ధనుంజయే. ఆమె ఫోను చూసుకుంటూ అడ్డంగా వచ్చేసిందన్నాడు. వ్యానులో ఉన్నవాళ్లు డయాలసిస్ నీరసంతో నిద్రపోతున్నామన్నారు. గున్నయ్య కొడుకు మాటే నిజమన్నాడు. ఊరు నమ్మింది, మొగుడూ నమ్మాడు.

బేబి గోడకానుకుని కూర్చుని ఉంది. గిన్నె అందుకుని పక్కన పెట్టేసింది. "నాను ఫోను సూడనేదు హిమజా. సంచిలో ఉందది. మా ఇంటాయనకి సెప్పి సెప్పి నోరు పడిపోనాది."

"మరెలా జరిగిందక్కా?"

"అంచునే నడుస్తన్నాను. ఎదరనుంచి మీ యాను వత్తంది. మన ధనుంజయే గదా, పలకరిద్దామని సెయ్యెత్తేను. ఆడు నన్ను సూడనేదు. పక్కకి సూసి నవ్వుతన్నాడు."

హిమజ దగ్గరికి జరిగింది. "నవ్వుతన్నాడా?"

"అవునే. ఎంత సక్కగా నవ్వుతన్నాడనుకున్నావు. ఆళ్ల అన్న శ్యాము పోయేక ఆడు నవ్వగా నాను సూడనేదు. నవ్వుతన్నాడు పాపం అని మురిసిపోతన్నాను. అంతలోనే బండి నా మీదికొచ్చీసింది."

"ఇది పోలీసులకి సెప్పలేదా?"

"నవ్వేడని సెప్తే ఎవుడు రాసుకుంటాడే?"

హిమజకు ఆ అట్టముక్క, ఆ టేపు, పొద్దున్న మొగుడి విసురు అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. జావ తాగించి, గిన్నె కడిగి, ఇంటికెలా నడిచొచ్చిందో ఆమెకే తెలియదు.

మధ్యాహ్నానికి వ్యాను వచ్చింది. ధనుంజయ్ తండ్రిని దించి మంచం మీద పడుకోబెట్టాడు. అత్త పైడమ్మ తడిగుడ్డతో ఆయన పాదాలు తుడుస్తోంది. తోడికోడలు తనూజ అరుగు మీద కూర్చుని, ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న జీడిపప్పుకి పొట్టు తీస్తోంది. ఆ ఇంటి పెద్దకొడుకు శ్యాంసుందర్ భార్య ఆమె. తండ్రికున్న జబ్బే శ్యాంసుందర్‌నీ పట్టుకుంది, తండ్రికన్నా ముందే తీసుకుపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో అతని ఫోటో కూడా గోడకెక్కలేదు. తనూజ తట్టుకోలేదని అందరూ అనుకున్నారు.

హిమజ మొగుడికి ఎదురుగా నిలబడింది. "బేబక్కని గుద్దినప్పుడు నువ్వేటి సూసి నవ్వేవు బావా?"

ధనుంజయ్ తండ్రి వైపు చూశాడు. "ఎవలన్నారు?"

"ఎవలంటే నీకేటి? అడిగినదానికి సెప్పు. టీవీ ఏ షాపులో ఉంది? నడు, ఇప్పుడే ఎల్దాం."

మంచం మీంచి గున్నయ్య లేవబోయాడు. "కోడలా, ఆడి జోలికెల్లకు. మడిసి ఇంకా కోలుకోనేదు."

"కోలుకోని మడిసి ఆ ఇంట్లో ఉంది మావా. కాలు పోయి, మొగుడి సేత మాటలు పడి."

పైడమ్మ లేచింది. పెరట్లోకి వెళ్లి, కొబ్బరిపీచు కుప్ప కింద చెయ్యి పెట్టి ఒక పాతచీర మూట లాక్కొచ్చింది. కోడలి కాళ్ల దగ్గర పెట్టి విప్పింది. అందులో టీవీ ఉంది. "నాను దాసేనమ్మా. పోలీసులొచ్చేలోగా ఆడు ఊడదీసి తెచ్చేడు, నాను దాసేను. కొడుకుని తీసుకుపోతారని బయమేసింది. ఒక కొడుకు పోనాడు గదా" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఏటుందందులో?"

గున్నయ్యే చెప్పాడు. "శ్యాము పెళ్లి వీడియో. ఇంట్లో ఎడితే తనూజ సూడలేదు. అందుకని పెన్ను డ్రైవు బండిలో దాసుకున్నాను. దారంతా నా కొడుకుని సూసుకుంటాను. తప్పా?"

అరుగు మీద చప్పుడు ఆగింది. తనూజ చేతిలోని చేటను పక్కన పెట్టింది.

"నాన్న అడిగేడు, ఎట్టేను" అన్నాడు ధనుంజయ్. మళ్లీ తనే తల అడ్డంగా ఊపాడు. "కాదు. నాన్న మీదికి తొయ్యకూడదు. నానే సూసేను. అన్నయ్య నన్నొట్టుకుని మొకమంతా పసుపు రాసీసి, పారిపోతా ఎనక్కి తిరిగి నవ్వుతాడు. అదెప్పుడొస్తాదో నాకు తెలుసు. అదొచ్చే టైముకి తల తిరిగిపోతాది. ప్రతిసారీ సూస్తాను. ఆ వేళ కూడా సూసేను. బేబొదిన ఎక్కడనుంచొచ్చిందో తెలీనేదు."

"మరి ఫోను సూసిందని ఆవిడ మీదెందుకేసేవు?"

"సెప్తే నా లైసెన్సు తీసేస్తారు. లోపలేస్తారు. నాన్ననెవుడు తీసుకెల్తాడే?"

"నన్నొక్కడినేనా?" గున్నయ్య గొంతు పెంచాడు. "ఊళ్లో ఇంకెంతమంది పేణాలు ఆ బండి మీదున్నాయి! ఒక్కరోజు తప్పితే ఒళ్లు ఉబ్బిపోతాది. దాని కాలు పోనాది, నాను కాదనను. ఇప్పుడు నిజం సెప్తే ఆ కాలొస్తాదా?"

ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. బండి లేకపోతే ఈ మనిషి ఎన్నాళ్లుంటాడన్నది హిమజకూ తెలుసు. అయినా బేబి మొహం కళ్లముందు నుంచి కదలడం లేదు.

"మేస్త్రీ ఆ వేళ సెప్పింది సొమ్ముల రూలు కాదు మావా" అంది నెమ్మదిగా. "నడిపేవోడి కళ్లు రోడ్డు మీదుండాలన్న రూలు. మీరు రేడియో లైసెన్సు కత సెప్తే నానూ ఇని నవ్వేను. నా తప్పూ ఉంది."

అప్పుడు లేచింది తనూజ. ఆ ఇంట్లో ఆమె గొంతు విని చాలా కాలమైంది.

"ఆయన్ని నాకు తెలీకుండా దొంగతనంగా సూసుకున్నారా మావా?"

"నువ్వు తట్టుకోలేవనమ్మా..."

"నన్నెవరడిగేరు? నాకు సూడాలని ఉండదా? ఆయన నవ్వెలాగుంటాదో మర్సిపోతన్నానని ఎన్నిసార్లు ఏడిసేనో మీకు తెలుసా?" గుండెలవిసేలా ఏడ్చింది. మళ్లీ తనే మొహం తుడుచుకుంది. "ఆయన్ని సూస్తా ఒక ఆడమడిసిని గుద్దీసి, నింద ఆవిడ మీదే ఎడతారా? ఆయనుంటే ఒప్పుకునేవోడా? మరిదీ, నువ్వెల్లు. ఎల్లి సెప్పు. నువ్వెల్లకపోతే నానెల్తాను."

ధనుంజయ్ వెళ్లాడు. వెనకాలే ఇద్దరు కోడళ్లూ నడిచారు. గణేష్ అప్పుడే తోట నుంచొచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ధనుంజయ్ గుమ్మం ముందు మోకాళ్ల మీద కూలబడి, అంతా చెప్పాడు. టీవీ, వీడియో, తన చూపు, స్టేషన్లో ఆడిన అబద్ధం, ఏదీ మిగల్చలేదు.

గణేష్ చెంబు విసిరికొట్టి అతని చొక్కా పట్టుకున్నాడు. కొడతాడనే అందరూ అనుకున్నారు. కానీ చెయ్యి లేవలేదు. లోపల బేబి భోరుమని ఏడుస్తోంది. ఆస్పత్రిలో కూడా అంత ఏడుపు ఏడవని మనిషి. గణేష్ చొక్కా వదిలేసి లోపలికి పరిగెత్తి, ఆమె కాలి దగ్గర నేల మీద కూర్చున్నాడు. "ఎన్నెన్ని మాటలన్నానే నిన్ను" అంటూ తల బాదుకున్నాడు. ఆమె ఆ తలను పట్టుకుని ఆపింది.

ఆ సాయంత్రమే ధనుంజయ్ స్టేషనుకెళ్లి నిజం చెప్పాడు. అతన్నీ వ్యానునూ ఉంచేశారు. ఊళ్లో మిగతా రోగుల ఇళ్లవాళ్లు ఇంటి గేటు దగ్గరకొచ్చి హిమజకు శాపనార్థాలు పెట్టారు. ఆమె తల వంచుకుని ఆ మాటలు పడింది. వాళ్ల కోపం కూడా న్యాయమైనదే కదా.

మళ్లీ డయాలసిస్ రోజు వచ్చింది. గున్నయ్య మంచం దిగనన్నాడు. "నాను రాను. నా మూలంగా ఆడు లోపలున్నాడు, దాని కాలు పోనాది. ఇంకెవరికోసమే ఈ పేణం?" పైడమ్మ బతిమాలింది, తనూజ కోప్పడింది. చివరికి హిమజ ఆయన భుజం కింద చెయ్యి వేసి లేపింది. ఇద్దరూ బస్సు కోసం నడిచారు. నాలుగడుగులకోసారి ఆయన ఆగిపోతున్నాడు.

రోడ్డుకు ముందే బేబి ఇల్లు. గణేష్ ఆమెను ఎత్తుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టినట్టున్నాడు. గున్నయ్య తల దించుకుని దాటిపోబోయాడు.

"మావా" అని పిలిచింది బేబి.

ఆయన నిలబడిపోయాడు.

"కేసు ఎత్తీమని నాను సెప్పను మావా. మనసు రావట్లేదు."

"ఎత్తొద్దమ్మా. ఎత్తమని అడగను."

"కానీ ఆస్పత్రికెల్లనని నువ్వు మొండికేసేవంట. అదొద్దు. నీకేటైనా అయితే, బేబి మూలంగానే పోనాడని ఊరంతా అంటాది. ఒక నింద ఇప్పుడే దిగింది. ఇంకోటి నా మీదెట్టకు."

గున్నయ్య అక్కడే దుమ్ములో కూలబడ్డాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, పెద్ద కొడుకును సాగనంపిన రోజున కూడా బయటికి రాని ఏడుపంతా ఏడ్చాడు. "తల్లీ, నాను సూడాలనుకున్నది నా కొడుకునే. నిన్ను సూడలేకపోయేను" అన్నాడు. ఆమె పర్వాలేదనలేదు. గణేష్‌ని పిలిచి, ముసలాయన్ని లేపమని మాత్రం చెప్పింది.

మలుపులో బస్సు హారను వినిపించింది. గణేష్ ఒక పక్క, హిమజ ఒక పక్క పట్టుకున్నారు. సూదులు గుచ్చే చెయ్యి కడ్డీకి తగలకుండా గణేష్ తన అరచేయి అడ్డం పెట్టి ఆయన్ని మెట్టెక్కించాడు. హిమజ వెనకాల ఎక్కి, మామగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, పలాసకి రెండు టిక్కెట్లు అడిగింది.