నీవెస్ ఆయాసం

ఒకే మాత ముందు ఇద్దరు నిలబడి, ఒకరు కోరినదానికి సరిగ్గా ఎదురుగా ఇంకొకరు కోరుకుంటే, ఆ తల్లి ఎవరి మాట వింటుంది? ఈ సందేహం నన్ను ఏళ్ళుగా వదలలేదు. ఒకసారి పూజ అయ్యాక మా చర్చి ఫాదర్‌ని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "తెయోఫిలో, నూనె పొయ్యి మీద పెట్టి మర్చిపోయి వచ్చావా?" అన్నారు.

ఇప్పుడు నేను ఇద్దరు పిల్లల తండ్రిని. ఆదివారం పూజ మానను. అయినా ఆ సందేహం అలాగే ఉంది.

అప్పట్లో లా పాజ్‌లో మా కొండవాలు మెట్లదారికి సగంలో నా కొట్టు. రేకుల కప్పు, గోడకి మరియ మాత పటం, పెద్ద మూకుడు, ముందర ఒక చెక్క బల్ల. పూరీలా పొంగే బునుయేలోలు వేయించి, పాకం పోసి, ఊదా మొక్కజొన్నతో కాచిన 'ఆపి' అనే వేడి జావతో ఇచ్చేవాణ్ణి. కింద బజారు, పైన ఇళ్ళు. మా ఊరి గాలి పల్చన. పైకెక్కేవాళ్ళకి నా బల్ల దగ్గరకి వచ్చేసరికి ఊపిరి అయిపోయేది. ఆ ఆయాసమే నా వ్యాపారం.

నీవెస్‌ని తెచ్చిందీ అదే. మొదటిరోజే గొడవ.

"కాసేరా, బల్లంతా మీరే కూర్చుంటే మిగతావాళ్ళు ఎక్కడ కూర్చోవాలి?" అన్నాను. మా దగ్గర అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు, ఆడవాళ్ళని కాసేరా అని, మగవాళ్ళని కాసేరో అని.

జవాబు చెప్పడానికి ఊపిరి లేక ఆమె చెయ్యెత్తి ఆగమంది. టోపీ సర్దుకుంది. రెండు గుక్కలు జావ తాగింది. అప్పుడు చెప్పింది.

"కూర్చున్నది నేను కాదు కాసేరో, నా పావడాలు. వాటిని అడగండి."

మా ఆడవాళ్ళ కుచ్చుల పావడా కింద లంగా మీద లంగా ఉంటుంది. మనిషి గుండ్రంగా, నిండుగా కనిపిస్తేనే అందం. నీవెస్ అందం బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుని ఉంది. నేను నోరు మూసుకుని ఇంకో బునుయేలో పెట్టాను.

ఆ రోజు నుంచి సాయంత్రం నూనె కాగితే చాలు, నా కళ్ళు కింది మెట్ల మీదే ఉండేవి. బజారులో ఊలు అమ్మి ఇంటికి వెళ్తూ ఆమె వచ్చేది. ఆయాసపడేది, కూర్చునేది, నన్ను వెక్కిరించేది.

అలాంటి మనిషి ఓ సోమవారం ప్లేటు వెనక్కి తోసింది.

"వద్దు. చక్కెర లేని టీ ఉందా?"

గరిటె నా చేతిలో అలాగే ఆగిపోయింది. "నూనె బాగాలేదా?"

"నూనె బాగానే ఉంది. నేనే బాగాలేను. షుగరు గుమ్మం దాకా వచ్చిందని క్లినిక్‌లో డాక్టరమ్మ చెప్పింది. బరువు తగ్గకపోతే లోపలికి వచ్చేస్తుందట." ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "మా నాన్నకి అదే వచ్చింది. ముందు కాలు తీశారు. తర్వాత మనిషే లేడు."

నేను ప్లేటు తీసేసి టీకి నీళ్ళు పెట్టాను.

"ఇకనుంచి మధ్యాహ్నం కూడా ఇంటికి నడిచే వెళ్తా. ఈ మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కే రోజు రావాలని మాతకి కొవ్వొత్తి వెలిగించాను. మీరు కూడా ఓ మాట చెప్పండి కాసేరో. మీ పటానికి రోజూ మంచి వాసనలు చూపిస్తారు, మీ మాట వింటుంది."

చెప్పాను. మనస్ఫూర్తిగానే చెప్పాను. ఆ కోరిక తీరితే నాకేమవుతుందో ఆలోచించలేదు.

తర్వాత ఆమె బల్ల మీద కూర్చోవడం తగ్గింది. ఒక్కోరోజు నిలబడే టీ తాగేది. ఇంకోరోజు చెయ్యి ఊపేది. ఒక సాయంత్రం మొహం గోడవైపు తిప్పుకుని, "వస్తా కాసేరో" అని ఆగకుండా వెళ్ళిపోయింది.

నా చేతిలోని పిండి జారి నూనెలో పడింది. నూనె చింది చెయ్యి కాలినా కదల్లేదు. రేపు ఆగుతుందిలే అనుకున్నాను. మర్నాడు కూడా గోడనే చూస్తూ వెళ్ళింది. ఆ గోడ మీద ఏముందో కొట్టు దిగి వెళ్ళి చూశాను. ఏమీ లేదు.

పైన ఎవరో ఉన్నారు, అందుకే ఈ తొందర అనుకున్నాను. ఎవరో కూడా నాకు తెలిసిపోయింది. ఆ మధ్యే పై వీధిలో బ్యాండులో బాకా వాయించే కుర్రాడు అద్దెకి దిగాడు. సన్నటి మీసం, బోలెడు ఊపిరి. నేను వాడితో ఎలా పోటీ పడను?

పటం ముందు చేతులు జోడించాను. "తల్లీ, ఆమెకి కాస్త ఆయాసం ప్రసాదించు. ఎక్కువ కాదు. బల్ల దాకా చాలు." ఆ మాట నా నోటి నుంచే వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు. అయినా వెనక్కి తీసుకోలేదు.

కార్నివాల్ దగ్గరపడిన రోజుల్లో ఓ సాయంత్రం వాన పడుతోంది. రేకుల మీద చినుకులు బ్యాండు రిహార్సల్లా మోగుతున్నాయి. నీవెస్ మెట్లెక్కి వచ్చింది, ఆగింది, బల్ల మీద కూలబడింది.

"నాలుగు బునుయేలోలు. పాకం నిండుగా."

నా గుండె ఎగిరి గంతేసింది. మాత వినేసింది! చకచకా పిండి సాగదీశాను. నాలుగూ పొంగాయి. పాకం పోసి, ప్లేటు తెచ్చి, మొహం చూశాను. చెంపల మీద ఉన్నది వాన కాదు.

"ఏమైంది కాసేరా?"

"ఏమీ కాలేదు. అదే నా ఏడుపు." చేత్తో ముక్కు తుడుచుకుంది. "ఎన్ని నెలలైంది? రొట్టె మానేశాను, పాకం మానేశాను. క్లినిక్‌లో తూకం ముల్లు తగ్గిందంటున్నారు. ఎక్కడ తగ్గింది? పావడా అంతే బిగువు. అద్దంలో అదే నీవెస్. బజారులో ఒక్కరైనా 'ఏమ్మా తగ్గావే' అన్లేదు. ఆ ముల్లుకే మతిపోయింది. నాకూ ఓపిక పోయింది. ఇటివ్వండి."

ఆమె చెయ్యి చాచింది. నేను ప్లేటు వెనక్కి లాక్కున్నాను.

"ఇవ్వను."

"ఏంటీ?"

"మీకు అమ్మను."

"ఊరికే అడిగానా? డబ్బులిస్తాను కదా!"

"ఇచ్చినా అమ్మను."

ఆమె నోరు తెరిచి నన్ను చూసింది. నిజానికి నేను ఇంకా ఎక్కువ బిత్తరపోయి ఉన్నాను. బల్ల మీదకి మళ్ళీ వచ్చిన మనిషిని నా చేతులే వెళ్ళగొడుతున్నాయి. ఆ నాలుగూ పెడితే రేపూ వస్తుంది, ఎల్లుండీ వస్తుంది. ఆయాసపడుతూ, నవ్వుతూ నా ఎదురుగా కూర్చుంటుంది. ఎన్నాళ్ళు? వాళ్ళ నాన్న కాలు గుర్తొచ్చింది.

"మీరు ఇక్కడ ఇలా కూర్చుని ఎన్నాళ్ళైందో చెప్పండి."

"పోయిన వారమే అనుకుంటా."

"పోయిన వారం కాదు."

"అయితే ఆ ముందు వారం."

"అదీ కాదు. పెద్దల పండక్కి ముందు కూర్చున్నారు. చనిపోయినవాళ్ళకి రొట్టెలు కాల్చే వారం. మూడు నెలల తర్వాత ఇదిగో, ఇవాళే."

నీవెస్ కళ్ళు పెద్దవయ్యాయి. "ఊపిరి కోసం కూడా నేను ఆగడం లేదా?"

"లేదు. పోయిన వారం బంగాళాదుంపల మూట వీపున వేసుకుని, పక్కింటావిడని తిట్టుకుంటూ ఎక్కారు. తిట్టు మధ్యలో కూడా ఊపిరి తీసుకోలేదు."

ఆమె లేచి నిలబడింది. కిందికి దిగే మెట్లు చూసింది, పైకెక్కే మెట్లు చూసింది. గుండె మీద చెయ్యి పెట్టుకుంది. వానలో ఎక్కి వచ్చినా ఆ గుండె మామూలుగానే ఉన్నట్టుంది. ఆ నెమ్మదికే ఆమె అదిరిపోయింది.

"దేవుడా! నేను అద్దం చూసుకుంటూ కూర్చున్నానే!" వెంటనే నా మీదకి తిరిగింది. "మరి నువ్వెందుకు చెప్పలేదు?"

ఆమె నన్ను 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

"మొహం గోడకి తిప్పుకుని పోయేవాళ్ళకి ఏం చెప్పను? పైన బాకా అబ్బాయి ఎదురుచూస్తుంటాడు కదా, ఆలస్యం చెయ్యడం ఎందుకని..."

"బాకా అబ్బాయా? వాడి మోతకి నిద్రపట్టక కిటికీలోంచి చెప్పు విసిరాను. ఇంతవరకూ తిరిగివ్వలేదు, దొంగ వెధవ!" ఆమె నవ్వలేక, కోప్పడలేక ఉక్కిరిబిక్కిరైంది. "గోడవైపు ఎందుకు తిరిగానంటే, ఇటు చూస్తే ఆగిపోతానని."

"బునుయేలోలు చూసా?"

నీవెస్ టోపీ అంచు కిందికి లాక్కుంది. "అవి కూడా."

వాన చప్పుడులో ఆ రెండు మాటలూ సరిగ్గానే విన్నానా అని కాసేపు తేల్చుకోలేకపోయాను.

ఆమె మాత్రం ఇంకేదో ఆలోచిస్తోంది. "ముల్లు అబద్ధం చెప్పకపోతే, పావడా ఎందుకు వదులవలేదు?" గబుక్కున అటు తిరిగి లంగాల అంచులు పట్టుకుని చూసుకుంది. ఉన్నట్టుండి కేక పెట్టింది. "ఈ లేసు నాది కాదు!"

"దొంగలా?" అన్నాను కంగారుగా.

"దొంగలు తీసుకుపోతారు గానీ కట్టి పంపుతారా? ఇది మా అమ్మ పని! పొద్దున్నే అన్నీ కలిపి మడతపెట్టి ఉంచుతుంది, చీకట్లో కట్టుకుని వచ్చేస్తా. కొత్త లంగా ఇరికించేసింది!" ఆమె గొంతు మెల్లగా తగ్గింది. "నాన్న చివర్లో బాగా చిక్కిపోయాడు. అమ్మకి ఎవరైనా చిక్కుతున్నారంటేనే భయం."

ఆ లేసు అంచుని వేలితో నిమిరింది.

"రేపు విప్పేస్తారా?" అడిగాను.

"ఉండనీ. నాకు కనిపించకపోతేనేం, ఊపిరికి తెలుసుగా. అమ్మకి భయం పోయేదాకా దాన్ని మోస్తూనే ఎక్కుతా." నా మొహం చూసి కనుబొమ్మలు ముడిచింది. "ఇంత మంచి కబురు చెప్పి అలా వేలాడేశావేంటి మొహం?"

"మీకు ఆయాసం లేదు. ఇక కూర్చోరు."

"అయ్యో పిచ్చి కాసేరో! కూర్చోవాలంటే ఆయాసమే రావాలా?"

కూర్చుంది. పావడాలు ఒకపక్కకి సర్దుకుని, నాకు చోటిచ్చింది. చక్కెర లేని టీ ఇద్దరం తాగాం. నాలుగు బునుయేలోలూ అలాగే చల్లారాయి.

కొన్నాళ్ళకి శుభ్రంగా తల దువ్వుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ డోన్యా ప్లాసిడా తలుపు తీసింది. చుట్టుపక్కల అంతా భయపడే మనిషి.

"నా కూతుర్ని చిక్కగొట్టింది నువ్వేనా?"

"అమ్మా, ఆమె బాగుండాలనే..."

ఆవిడ తలుపు మూసేసింది. నీవెస్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆగు, అమ్మకి టైమివ్వు" అంది. ఇచ్చాను. ఈలోగా నీవెస్ వాళ్ళమ్మని క్లినిక్‌కి తీసుకెళ్ళింది. షుగరు గుమ్మం దిగి వెనక్కి వెళ్ళిందని డాక్టరమ్మే స్వయంగా చెప్పిందట. ఆ ముసలావిడ ఔననలేదు, కాదనలేదు.

మా కాపురానికని కొట్టు పైన ఒక గది లేపాను. కప్పు వేసే రోజు స్నేహితులు వచ్చారు. మాలో అలాంటి రోజు ఒకరింటికి పనికి వెళ్తే, వాళ్ళు కూడా ఒకరోజు మన ఇంటికి వచ్చి ఆ ఋణం తీర్చుకోవాలి. పనివాళ్ళకి వండిపెట్టడానికి మా అమ్మ లేదు. ఎలాగా అని తల గోక్కుంటుంటే, మెట్ల మీద పెద్ద డేగిసా ఒకటి కనిపించింది. దాని వెనక డోన్యా ప్లాసిడా.

నా చేతిలోని సుత్తి జారిపోయింది.

"అలా చూస్తావేం? పొయ్యి వెలిగించు" అంది. "మా ఇంటి కప్పు వేసినరోజు నీవెస్ నా కడుపులో ఉంది. మీ అమ్మ నన్ను పొయ్యి దగ్గర నిలబడనివ్వలేదు. పనివాళ్ళందరికీ తనే వండిపెట్టింది. తిరిగి చేద్దామంటే మీరు ఇల్లు కట్టిందెప్పుడు? ఈలోగా ఆవిడే వెళ్ళిపోయింది."

మా అమ్మ ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు.

రోజంతా ఆవిడే వండింది, ఆవిడే వడ్డించింది. నన్ను గరిటె ముట్టుకోనివ్వలేదు. చీకటి పడేవేళకి డేగిసా ఇసుకతో తోమి, కడిగి, కొత్త గది గోడవారన బోర్లించింది.

"ఇవాళ్టికి మీ అమ్మకి నా బాకీ తీరింది" అని, పావడా అంచుతో చేతులు తుడుచుకుంది.