పాసింజరు వెళ్ళాక పాఠం

"ఉదయం అయిదు నుంచి ఆరు దాకా గ్రామరు," అని పైకి చదివి, నిర్మల తలెత్తి బావ వంక చూసింది. "అయిదింటికి గేదె పాలెవరు తీస్తారు బావా? నీ గ్రామరా?"

హనుమంతరావు ముఖం చిన్నబోయింది. ఆ టైంటేబులు గీయడానికి అతనికి ఒక ఆదివారమంతా పట్టింది. ఎర్ర పెన్సిలు గీతలు, నీలం సిరా అక్షరాలు. బందరులో ఇంటరు చదివే రోజుల్లో తన కోసం కూడా ఇంత శ్రద్ధగా గీసుకోలేదు.

"ఆరు నుంచి ఏడు డిక్టేషను. పాలేళ్ళకి చద్దన్నాలు పెట్టే వేళ. పదకొండింటికి పద్యాలు కంఠస్థం. గంజి వార్చే వేళ. సాయంత్రం కాంపోజిషను... కుడితి కలుపుతూ రాయాలి కాబోలు!"

"పోనీ నువ్వే చెప్పు. నీకు తీరిక ఎప్పుడు?"

"నాకా? ఎప్పుడూ లేదు."

అరుగు మీద నులక మంచంలో పడుకున్న వెంకటనరసమ్మ కిసుక్కున నవ్వింది. ఆవిడ నిర్మలకి నాయనమ్మ, హనుమంతరావుకి అమ్మమ్మ. వేసవిలో పశువుల పాకలో కాలు జారి తుంటికి దెబ్బ తగిలించుకుంది. ఏలూరు మిల్లులో మేస్త్రీగా ఉన్న కొడుకు వీరాస్వామి, ఇంట్లో చంటిపిల్లలున్న భార్యని పంపలేక, పెద్దకూతుర్ని తల్లి దగ్గరికి పంపాడు. ఉంగుటూరు దాటాక, అటు రైలుకట్టకీ ఇటు కాలువకీ మధ్య ఇరుక్కుపోయిన చిన్న ఊరది. హనుమంతరావుది కాలువ అవతలి ఊరు. తండ్రి పోవడంతో చదువాపి వ్యవసాయంలో దిగాడు. బల్లకట్టు దాటితే అమ్మమ్మ ఇల్లే.

నిర్మల ఏలూరు మిషను స్కూల్లో చదువుకుంది. రాజమండ్రి వెళ్ళి రెండేళ్ళ టీచరు ట్రైనింగు అవ్వాలని దాని కోరిక. అందులో చేరాలంటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. చూసి చదవాలి, విని రాయాలి, ఆ పైన దొరసాని ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. కిందటేడు చదివింది, రాసింది. దొరసాని చిరునవ్వుతో "మీ ఊరి గురించి చెప్పమ్మా" అని ఇంగ్లీషులో అడిగేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

ఈసారి పరీక్ష కార్తీకంలో. వీరాస్వామి ఒకటే మాట అన్నాడు. "పాసైతే రాజమండ్రి పంపుతాను. తప్పితే మార్గశిరంలో మీ బావతో ముహూర్తం పెట్టిస్తాను."

ఆ బావ చేతే ఆ పిల్లకి ఇంగ్లీషు చెప్పించడం వీరాస్వామి తెలివో, తెలివితక్కువో ఊళ్ళో ఎవరికీ తేల్లేదు.

"ఒరే పిచ్చి సన్నాసీ," అంది ముసలమ్మ మనవడితో, పిల్ల లోపలికి వెళ్ళాక. "అది పాసైతే నీకేం మిగులుతుందిరా? రైలు పొగ!"

హనుమంతరావు తన టైంటేబులు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఊరికి గడియారం రైలే. మెయిలు కూత విని లేస్తారు, గూడ్సు వెళ్తే ఎసరు పెడతారు. చివరికి నిర్మలే దారి చెప్పింది. "బెజవాడ నుంచి రాజమండ్రి పోయే పాసింజరు ఉంది చూడు, అది వెళ్ళేసరికి గిన్నెలు తోమడం అవుతుంది. మళ్ళీ గేదె అరిచేదాకా నాకు ఊపిరాడుతుంది."

హనుమంతరావు మణికట్టు వంక చూసుకున్నాడు. "అంటే మూడు గంటలన్నమాట."

"నీకు మూడు. నాకు పాసింజరు."

అలా కుదిరింది. శ్రావణ భాద్రపదాలు రెండూ బ్రహ్మాండంగా నడిచాయి. చూరు నుంచి వాన ధారగా పడుతుంటే అరుగు మీద ఒకరీ చివర, ఒకరా చివర. మధ్యలో నులక మంచం, మంచంలో కళ్ళు మూసుకుని చెవులు తెరుచుకున్న ముసలమ్మ.

"వాట్ డు యూ సీ?"

"ఐ సీ ఎ బఫెలో."

"గుడ్. ఇంకా?"

"ఐ సీ ఎ మేన్. హి ఈజ్ నాట్ లుకింగ్ ఎట్ ది బుక్."

హనుమంతరావు గబుక్కున పుస్తకంలోకి దిగిపోయాడు. "వాక్యం... కరెక్టే."

"ఏమంటోందిరా అది?" అంది ముసలమ్మ.

"గేదె గురించి అమ్మమ్మా."

ఒకరోజు నిర్మల పలక పక్కన పెట్టి సూటిగా అడిగింది. "బావా, నిజం చెప్పు. నేను పాసవ్వాలని నీకుందా?"

అతను చూరు కింద చెయ్యి చాపి నీళ్ళు పట్టాడు. "సగం ఉంది."

"మిగతా సగం?"

"మిగతా సగం కాలువ అవతలే వదిలేసి వస్తున్నాను రోజూ."

నిర్మల మళ్ళీ పలక అందుకుంది. ఆ రోజు డిక్టేషనులో దానికి అన్నీ తప్పులే వచ్చాయి.

దసరా దగ్గర పడేసరికి ఏమైందో పాసింజరు ఆలస్యంగా రావడం మొదలైంది. "ఏం బండ్లో ఏమో, వానలకి కట్ట నానిపోయుంటుంది" అనుకుని ఊరంతా సర్దుకుంది. నిర్మల కూడా సర్దుకుంది. బండి రాలేదు కదా అని గిన్నెలు పట్టుకుని బల్లకట్టుకి దూరంగా ఉన్న కాలువ రేవుకి వెళ్ళేది, గట్టు మీద నాలుగు పరకలు గడ్డి కోసేది, కూత వినగానే పరుగున వచ్చి కాళ్ళు కడుక్కుని అరుగెక్కేది. బావ ఉండేవాడు కాదు.

"రాలేదా నాయనమ్మా బావ?"

"ఏడీ? బండి వెళ్ళాక ఎవరూ రాలేదే."

ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. పరీక్ష ముంచుకొస్తోంది. నిర్మల ఒక్కతే కూర్చుని గేదెకి ఇంగ్లీషు చెప్పుకునేది. వదిలేసి వచ్చే సగం ఈసారి బల్లకట్టెక్కిందన్నమాట! తను తప్పితే లాభమెవరికి? బావకి.

కాలువ అవతల హనుమంతరావు మనసు ఇంకో రకంగా కాలుతోంది. సరిగ్గా మూడింటికి వెళ్తున్నాడు. పిల్ల ఉండటం లేదు. "కాలువకెళ్ళిందిరా" అంటుంది అమ్మమ్మ. "గడ్డికెళ్ళిందిరా" అంటుంది. వరి పొట్ట మీదుంది, చేలో నీళ్ళ వంతు చూసుకోవాలి. కాసేపు కూర్చుని లేచి వచ్చేస్తున్నాడు. వద్దనుకుంటే వద్దని చెప్పొచ్చు కదా. కాలువ గట్టున దాక్కోవడం దేనికి?

ఇక వెళ్ళకూడదనుకున్న రోజున, అతను తన ఒడ్డున బల్లకట్టు దగ్గర నిలబడి ఉండగా వాన మొదలైంది. అవతలి ఒడ్డు నుంచి బల్లకట్టు వస్తోంది. దాని మీద తాటాకు గొడుగు కింద నిర్మల ఒక్కతే.

దిగింది. చేతులు జోడించింది.

"నమస్కారం అండీ. మీరు పెద్దవారు, చదువుకున్నవారు. పాఠం చెప్పడం ఇష్టం లేకపోతే ఆ ముక్కే చెప్పవచ్చు కదండీ."

హనుమంతరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. నిర్మల తనని 'అండీ' అనడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. తిట్టినా బాగుండేది.

"నేనా? రోజూ వస్తున్నది నేను! ఇంట్లో లేకుండా పోతున్నది తమరు!"

"అబద్ధాలు కూడా మొదలెట్టారా అండీ?"

"వాచీ చూసుకుని మరీ వస్తున్నాను!"

"నేను బండి చూసుకుని మరీ కూర్చుంటున్నాను!"

అప్పుడే అవతల కట్ట మీద పాసింజరు కూత వేసింది. వానలో పొగ పైకి లేవలేక చేల మీద పాకుతూ పోతోంది.

"అదిగో, తమరు రావలసిన వేళ," అంది నిర్మల.

అతను తడిసిన చెయ్యి విదిలించి వాచీ చూశాడు. "నాలుగు దాటింది! బండి లేటు."

"రోజూ లేటే."

"రోజూనా?"

"దసరా ముందు నుంచీ రోజూ..." అని నిర్మల ఆగిపోయింది. గొడుగు పక్కకి వాలింది, వాన దాని ముఖం మీద పడుతోంది, అది తుడుచుకోవడం లేదు. "బావా, రోజూ ఒకే కొలత లేటుగా వచ్చే బండి ఎక్కడైనా ఉంటుందా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రైలు కంపెనీ వాళ్ళు బండి వేళ మార్చారు. ఆ కాగితం ఉంగుటూరు స్టేషనులో అంటించే ఉంటారు. స్టేషనుకి వెళ్ళి చదివే పని ఊళ్ళో ఎవరికుంది?

"అయితే రోజూ వచ్చావా?"

"రోజూ."

"నాయనమ్మ చెప్పలేదే!"

ఇద్దరూ ఒకే బల్లకట్టు మీద తిరిగి వెళ్ళారు, ఒకే తాటాకు గొడుగు కింద. గొడుగు ఒకరికి సరిపోయేదే. ఇద్దరూ తడిశారు. దాని గురించి ఎవరూ నొచ్చుకోలేదు.

వెంకటనరసమ్మ తొణకలేదు. "నేనేం అబద్ధమాడానే? బండి వెళ్ళాక బావ వచ్చాడా అని అడిగావు. రాలేదు. ముందొచ్చాడా అని అడిగావా?"

"నాయనమ్మా!"

"మంచం దిగేలోపు మీ పెళ్ళి చూద్దామనుకున్నాను. తప్పా?"

"మంచం దిగాక చూడకూడదా?" అంది నిర్మల. అని, తను ఏమందో తెలిసి లోపలికి పారిపోయింది.

హనుమంతరావు జేబులోంచి పాత టైంటేబులు తీసి, చూసి, చించి చూరు నీళ్ళలో వదిలేశాడు. చెయ్యి జారిపోయిన రోజులు ఇక ఏ గీతల్లోనూ దొరకవు. నిర్మల పనిలో తను దూరితేనే దొరుకుతాయి.

మర్నాటి నుంచి గడ్డి అతనే కోశాడు, కుడితి అతనే కలిపాడు. పేచీ అంతా గేదెతో వచ్చింది. అది ఆడమనిషి చేతికి అలవాటు పడిన గేదె. అతను చెంబు పట్టుకుని కూర్చుంటే పాలు చేపలేదు సరికదా, ఒక్క తన్ను తన్నింది. చెంబు ఓ మూల, బావ పేడలో.

"నా చీర కప్పుకో బావా," అంది నిర్మల నవ్వాపుకుంటూ. "వాసన చూసి నేననుకుంటుంది."

"నేనా? చీరా?"

"పోనీ నేనే తీస్తాను. పాఠం మానేద్దాం."

అతను నోరు మూసుకుని చీర కప్పుకున్నాడు. గేదె మూతి తిప్పి వాసన చూసి, నిట్టూర్చి చేపింది.

ఆ కబురు బల్లకట్టు దాటి రెండూళ్ళూ పాకింది. చేలో కనబడితే చాలు, "ఏమండీ, ఇవాళ ఏ రంగు చీరండీ?" అని పలకరించేవారు. అతను తలొంచుకుని నవ్వేసేవాడు.

ఒక సాయంత్రం వీరాస్వామి చెప్పకుండా పాసింజరు దిగి వచ్చాడు. పాకలో కూతురు అటు తిరిగి పాలు తీస్తోంది.

"నిర్మలా, బాగున్నావా అమ్మా?"

కూతురు తిరిగి చూసింది. కూతురికి మీసాలున్నాయి.

బత్తాయిల సంచీ వీరాస్వామి చేతిలోంచి జారి, పళ్ళు పాకంతా దొర్లాయి.

"అదీ... గేదె... మామయ్యా..."

గడ్డివామి అవతల నుంచి స్పష్టంగా, తొట్రుపాటు లేకుండా ఒక గొంతు వినిపిస్తోంది. "ఆఫ్టర్ ది రెయిన్స్, ది పెలికన్స్ కమ్ టు అవర్ కొల్లేరు..."

వీరాస్వామి నెమ్మదిగా నీళ్ళతొట్టి అంచు మీద కూర్చున్నాడు. "ఒరే హనుమంతూ. అది తప్పితే నీకిస్తానన్నాను. తెలుసుగా?"

"తెలుసు మామయ్యా."

"మరి ఇదేమిట్రా?"

హనుమంతరావు చెంబు వంకే చూస్తూ అన్నాడు. "పరీక్ష తప్పి, వేరే దారి లేక నా గడప తొక్కితే నాకేం సంతోషం మామయ్యా? వస్తే గెలిచి రావాలి. రాకపోతే... అదీ గెలిచే వెళ్ళాలి."

గడ్డివామి అవతల ఇంగ్లీషు ఆగిపోయింది.

"ఏమ్మా, ఆపావేం?"

"బావ డిక్టేషను చెబుతున్నాడు నాన్నా," అంది ఆ గొంతు, కొంచెం తడిగా. "రాసుకుంటున్నాను."

పరీక్ష నాడు నిర్మల తండ్రి వెంట ఏలూరు వెళ్ళింది. సాయంత్రం పాసింజరుకి ఒక్కతే వస్తుందని కబురు. హనుమంతరావు మూడింటికే స్టేషనుకి చేరాడు. కొత్త టైంటేబులు కాగితం ముందు నిలబడి, తెలిసిన సంగతే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు.

బండి వచ్చింది. నిర్మల దిగింది. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు.

"ఏమైంది?"

"పాస్."

అతని ముఖం విప్పారింది, ఆ వెంటనే ఏదో నీడ వచ్చి వెళ్ళింది. నిర్మల రెండూ చూసింది.

"దొరసాని మళ్ళీ అదే అడిగింది బావా, మీ ఊరి గురించి చెప్పమని. కొల్లేరు చెప్పాను, పక్షుల సంగతి చెప్పాను. ఇంకేం విశేషాలంది. చీర కట్టుకుని గేదె పాలు తీసే మనిషి సంగతి చెప్పాను. పాపం, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మరీ నవ్వింది."

"నా పరువు ఏలూరు దాకా తీశావన్నమాట. ఎవరా మనిషని అడగలేదా?"

"అడిగింది. నన్ను చేసుకోబోయే ఆయన అన్నాను. ఎప్పుడంది. ట్రైనింగు అయ్యాక అన్నాను. మరి ఆయనకి తెలుసా అంది."

"ఏం చెప్పావు?"

"పాసింజరు దిగాక చెబుతానన్నాను."

బండి కదిలింది. పొగ వచ్చి ఇద్దర్నీ కమ్మేసింది. పొగలో హనుమంతరావు ఏమన్నాడో బండి చప్పుడులో వినబడలేదు. నిర్మల మాత్రం విన్నది.

ఇంటికొచ్చేసరికి వెంకటనరసమ్మ కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కబురంతా విని, మనవడి తల మీద చెయ్యి వేసింది. "రెండేళ్ళు ఆగుతావట్రా?"

"ఆగుతాను అమ్మమ్మా."

"నేనూ ఆగుతాను. మంచం దిగాను కదా ఎలాగూ. ముందా గేదె సంగతి చూడండి, అరిచి చస్తోంది."

"ఇవాళ నేను తీస్తాను," అని నిర్మల కొంగు బిగించి చెంబు అందుకుంది. గేదె వాసన చూసింది. చేపలేదు. మెడ తిప్పి పాకంతా వెతుక్కుంది.

హనుమంతరావు వెళ్ళి దాని తల దగ్గర నిలబడి గంగడోలు నిమిరాడు. అప్పుడు చేపింది.