సగం మూట ఉప్పు

తోటపల్లి గూడూరు పక్కన మా ఊళ్లో పొద్దుగూకితే రెండు మోతలే. ఒకటి రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్లది, రెండోది వెంకటశేషమ్మ నోటిది. కరెంటు పోతే మొదటిది ఆగుతుంది.

ఆమె పక్కింటి వరండాలో అబిగయీలు మొగుడి ట్యాబు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అబిగయీలు సర్కారు ఆసుపత్రిలో నర్సు. మొగుడు సుశీల్ కుమార్ ఇంటిపట్టునే ఉండి వీడియో గేములు తయారుచేసేవాడు. మీసాలొచ్చిన మగాడికి బొమ్మలాటలేందని ఊరంతా నవ్వింది. నవ్విన వాళ్లే ఫోను దాచుకుని అవే ఆటలు ఆడుకున్నారు.

అతని చివరి ఆటలో, వేరే గ్రహం మీద ఒక జబ్బు. రోగి కన్నీళ్లలో ఉప్పు పోయి తీపెక్కుతుంది. దిండుకు చీమలు పడతాయి. అన్నం దగ్గర మొగుడూ పెళ్లాల ముచ్చట రోజూ ఇదే.

"కుదరదయ్యా. ఒంట్లో ఉప్పు అంత పడిపోతే మనిషి తికమకపడి, ఫిట్సొచ్చి పడిపోతాడు. నీ రోగి షికారుకు పోతా ఉండాడే."

"ఉప్పు పోయిన చోట ఆ జబ్బు పురుగు కూర్చుంటాది. ఉప్పు చేసే పనంతా అదే చేస్తాది."

ఆమె ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించింది. "అట్టయితే కుదురుతాది. తొందరగా మాత్రం చంపనీయబాక. ఉన్న ఇల్లు కూలకముందే ఏ పురుగైనా పక్కిల్లు చూసుకుంటాది."

"మరి మందు?"

"పోయిన ఉప్పు తిరిగి పోస్తే లేస్తాడు."

"సగమే పోస్తే?"

"సగమే లేస్తాడు. తిను, చల్లారిపోతా ఉంది."

తర్వాత కొన్నాళ్లకు సుశీల్ కూరలో ఉప్పు లేదనడం మొదలుపెట్టినాడు. అబిగయీలు వంట సంగతి ఊరికి తెలిసిందే గనక ఎవరూ పట్టించుకోలేదు. ఆమె కూడా నవ్వి, ఉప్పు డబ్బా అతని ముందుకు నెట్టింది. ఆ పైన జ్వరం. ఒంట్లో ఉప్పు పడిపోయిందన్నారు నెల్లూరు డాక్టర్లు. ఎందుకు పడిపోయిందో చెప్పలేకపోయారు. ఎక్కించిన ఉప్పు నిలవలేదు. అతనూ నిలవలేదు.

గోతిలో పెట్టె చుట్టూ ఉప్పు పోయడం మావాళ్ల ఆనవాయితీ. మూట తెమ్మని చర్చి సంఘపెద్దయిన జకరయ్యను పంపితే, సగం మూటే తెచ్చినాడు. తక్కిన సగం వాళ్ల ఆవకాయలో ఉందని వెంకటశేషమ్మ ఊరంతా చెప్పింది. అబిగయీలు ఆ రోజు ఎవరి మాటా వినే స్థితిలో లేదు.

ఆటలోని రోగికి సుశీల్ తన గొంతే పెట్టినాడు. ఒక్కటే మాట. ఆ మాట కోసమే ఆమె రోజూ సాయంత్రం ట్యాబు తెరుస్తుంది. మంచం మీది బొమ్మను వేలితో తాకింది.

"దాహంగా ఉంది డాక్టరమ్మా."

మళ్లీ తాకింది.

"దాహంగా ఉంది డాక్టరమ్మా."

కరెంటు పోయింది. ఏరేటర్లు ఒక్కొక్కటే నిలిచిపోయాయి. గుంటల మీద నుంచి పాచి వాసన, దాని వెనకే తడిమట్టి వాసన... కొత్తగా తవ్విన మట్టి. ఆమె వేలు అద్దం మీద లేదు.

"సగమే పోశారు, అబీ."

ఆమె ట్యాబును ముఖం దగ్గరికి తీసుకుంది.

"ఏమయ్యా..." అంది గుసగుసగా.

"నడుము దాకా లేచాను... పైన బరువుగా ఉంది..."

అంతే. ట్యాబు ఆరిపోయింది.

ఆమె వంటింట్లోకి పరుగెత్తింది. ఉప్పు డబ్బా, దాచిన రాళ్లుప్పు సంచీ రెండూ చంకనెత్తుకుంది. దీపాల వేళ ఉప్పు గడప దాటించరు. వెంకటశేషమ్మ ఊరుకుంటుందా?

"ఏందమ్మాయ్, ఈ వేళప్పుడు ఉప్పెత్తుకుని ఏడికి?"

"మా ఆయనకి చాల్లేదంట పెద్దమ్మా."

వెంకటశేషమ్మ నోరు మూసుకుంది. అట్టా జరగడం మేమెవ్వరం ఎన్నడూ ఎరగం.

సమాధుల తోటలో ఇసుక ఇంకా వెచ్చగా ఉంది. అబిగయీలు అతని గోతి మీద చేతులతోనే గుంట చేసి, ఉన్నదంతా పోసింది. ఉప్పు జారింది. జారుతూనే ఉంది... లోపల ఎవరో దోసిలి పట్టినట్టు. ఒక్క రాయి కూడా పైన మిగల్లేదు.

ఆమె మట్టికి చెవి ఆనించి చాలాసేపు పడుకుంది. ఏమీ వినపడలేదు. అన్నిటికన్నా అదే ఓర్చుకోలేకపోయింది. ఇంటికొచ్చి, ఏడుస్తూనే నిద్రపోయింది.

తెల్లవారి చూస్తే పక్కన అతని దిండు తడిగా ఉంది. పోయిన నాటి నుంచి దాని మీద ఎవరూ తల పెట్టలేదు. నడుమ పల్లం పడి ఉంది. వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది. మనిషి కన్నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో అంతే. అతనికి ఉప్పు చాలిందని ఆ దిగులులోనూ ఆమెకు నవ్వొచ్చింది.

గడప కింది నుంచి చీమలబారు మంచమెక్కింది. అతని దిండును చుట్టి, దాటి, ఆమె రాత్రి ఏడ్చి తడిపిన దిండు మీదికి పోతా ఉంది.