రూవి శాఖ మినిట్స్ పుస్తకం

సంతకం లేదని నవీన ఆ కాగితాన్ని తిరిగి రఘుపతి ముందుకే నెట్టింది. నడుము విరిగిన రాజన్న అనే కూలీని ఊరికి పంపడానికి టికెట్టు డబ్బులు కావాలి. కాగితం రాసింది కార్యదర్శి రఘుపతే. రాయడం వరకు బాగానే రాశాడు, కింద పేరు పెట్టడం మరిచాడు.

"మనిషి అక్కడ మంచం మీద పడి ఉన్నడు, మీరు సంతకం అంటున్నరు," అన్నాడు రఘుపతి.

"మనిషి కోసమే అంటున్న. రేపు ఎవరన్న అడిగితే ఈ కాగితమే మాట్లాడాలె, మనం కాదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. సంతకం పెట్టాడు. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయని నవీన అనుకుంది, పైకి అనలేదు.

మస్కట్‌లో యూనియన్ అన్న మాట పైకి అనే రోజులు కావవి. అందుకే అందరూ దాన్ని సహాయ సంఘం అనేవారు. ఆ ఊళ్లోని రూవి పేటలో ఒక బట్టల దుకాణం మీది గదిలో శుక్రవారం పొద్దున కూడేవారు. తాపీపని చేసే లచ్చన్న అధ్యక్షుడు. సైట్‌లో చెక్కపని చేసే రఘుపతి పది పాసయ్యాడు, దస్తూరీ బాగుందని కార్యదర్శిని చేశారు. క్లినిక్‌లో రిసెప్షన్ చూసుకునే నవీనకు లెక్క తప్పదని డబ్బు పెట్టె తాళం ఇచ్చి కోశాధికారిని చేశారు. ఇద్దరినీ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చోబెట్టాలని మాత్రం ఎవరూ తీర్మానం చేయలేదు. ఆ గదిలో ఉన్నదే ఒక బల్ల.

శుక్రవారాలు అలా గడిచాయి. కిటికీ ఏసీ గురగురమంటూ ఉండేది. పరదా సందులోంచి ఎండ ఒక గీతలా వచ్చి బల్ల మీద పడి, నెమ్మదిగా అతని చేతి మీదికి జరిగేది. నవీన రసీదులు చింపుతూ ఆ గీతనే చూసేది. ఒకసారి అది అతని బొటనవేలి మీద ఆగింది. ఆమె అదే రసీదు రెండుసార్లు రాసింది.

ఒక్కటే ఆమెకు నచ్చేది కాదు. అతడు మాటిమాటికి గడియారం చూసేవాడు. చూసి ఏదో రాసేవాడు, మళ్లీ చూసేవాడు. ఎప్పుడు లేచిపోదామా అన్నట్టే ఉందని నవీన మనసు చిన్నబుచ్చుకునేది.

ఇంతలో జగిత్యాల నుంచి అన్న ఉత్తరం వచ్చింది. మెట్‌పల్లిలో సంబంధం ఉందట, పిల్లగాడికి సొంత దుకాణమట. నెలాఖరులోపు అవునో కాదో చెప్పమన్నాడు. నవీన మూడు వారాలు జవాబు రాయలేదు. రఘుపతి ఒక్క మాటంటే చాలు, ఆమె రాసే జవాబు వేరుగా ఉండేది. అతడు అన్నీ రాశాడు గానీ ఏమీ అనలేదు.

నెలలో చివరి శుక్రవారం సంవత్సర సమావేశం పెట్టారు. ముప్పై మంది వచ్చారు. నియమం ప్రకారం కార్యదర్శి రాసిన మినిట్స్‌ను కోశాధికారి అందరి ముందు చదవాలి, తరువాతే సంతకాలు. లచ్చన్న పుస్తకం ఆమె చేతికిచ్చాడు. రఘుపతి తాను చదువుతానని చెయ్యి చాపాడు. నియమం నియమమేనని లచ్చన్న ఒప్పుకోలేదు.

నవీన గొంతు సవరించుకుని చదివింది.

"పది గంటల అయిదు నిమిషాలు. అధ్యక్షుల వారు వచ్చినారు. పది గంటల తొమ్మిది నిమిషాలు. చాయ వచ్చినది, చక్కెర తక్కువ. పది గంటల పన్నెండు నిమిషాలు. రాజన్నకు టికెట్టు ఇయ్యవలెనని తీర్మానం."

గదంతా నవ్వింది. ఇదేం రాత తమ్మీ అని లచ్చన్న అడిగితే, రఘుపతి లేచి నిలబడ్డాడు.

"మన శాఖకు పైనున్న పెద్ద సంఘం వాళ్ల కాగితంల మినిట్స్ రాయాలె అని ఉన్నది. మినిట్స్ అంటే నిమిషాలే గదా లచ్చన్నా. ఒక్కటి గూడ ఇడువలే."

నవ్వుతూనే నవీన పేజీలు తిప్పింది. ఒక వరుస దగ్గర ఆమె పైకి చదవడం ఆపేసింది. పదీ ముప్పై ఒకటి, కోశాధికారి గారు వెంట్రుకలు చెవి వెనుకకు తోసుకొని లెక్క మరిచినారు. ఆమె కళ్లు ఇంకా కిందికి పోయాయి. పదకొండూ నాలుగు, కోశాధికారి గారు ఏదో దిగులుతో ఉన్నారు. ఎవరూ అడగలేదు. నేను కూడ అడగలేదు.

ఆ తేదీ అన్న ఉత్తరం అందిన వారానిది.

తీర్మానాలన్నీ ఉన్నాయని మాత్రం చెప్పి, ఆమె సంతకం పెట్టి, పుస్తకం మూసి మెట్లు దిగింది. బయట వాన. ఏడాదికి ఒకటో రెండో మార్లు పడే వాన అది. రూవి వీధంతా కలలోలా మెత్తగా, వెండి రంగుగా ఉంది. జనం దుకాణాల్లోంచి బయటికొచ్చి అరచేతులు చాపి నిలబడ్డారు. రఘుపతి వెనుకే వచ్చాడు, తడుస్తూ.

"తప్పు రాసిన. ఆ పేజీలు కొట్టేసి మళ్ల రాసిస్త."

"ఇంక రాయకు," అంది నవీన. మీరు అన్నది ఎప్పుడు నువ్వయిందో ఆమెకే తెలియలేదు. సంబంధం సంగతి చెప్పింది. ఈ రోజే జవాబు చెప్పాలంది. అతడు వానను చూశాడు, చెప్పులను చూశాడు. 

నవీన ఇంక ఆగలేదు. వీధి మూలన ఉన్న పబ్లిక్ ఫోన్‌లో కార్డు పెట్టి, అన్న ఎరువుల దుకాణం నంబరు నొక్కి, రింగు పోతుండగానే రిసీవర్ అతని చేతిలో పెట్టింది.

"నేను మస్కట్ నుంచి, సంఘం కార్యదర్శిని," అన్నాడు రఘుపతి గొణుగుతూ. అటునుంచి అన్న ఏమిటన్నాడు. "మీ చెల్లె... పెండ్లి..." అన్నాడు. వినపడ్తలేదు, గట్టిగ చెప్పుమన్నాడు అన్న. లైన్ గరగరమంది.

రఘుపతి కళ్లు మూసుకున్నాడు. గుండె నిండా ఊపిరి తీసుకున్నాడు.

"మీ నవీనను నాకియ్యుండ్రి. నేను చేసుకుంట," అని అరిచాడు.

వానలో చేతులు చాపిన వాళ్లంతా తలలు తిప్పారు. తెలుగు రాని దుకాణాయన కూడా నవ్వాడు. ఈసారి అన్నకు బాగా వినపడింది. ముందు పిల్లకు ఫోన్ ఇయ్యుమన్నాడు.